హోండా సీబీ750 కార్బ్యురేటర్ల పునరుద్ధరణ

1969లో అమ్మకానికి వచ్చిన జపాన్ మోటార్‌సైకిల్ హోండా సీబీ750. దీని 736 సీసీ ఇంజన్‌లోని నాలుగు సిలిండర్లకు నాలుగు కెయిహిన్ కార్బ్యురేటర్లు ఉంటాయి. ఒక్కొక్కదాని గొంతు వ్యాసం 28 మి.మీ. బండి ఏళ్ల తరబడి కదలకుండా ఉంటే పెట్రోలు ఆవిరై, మిగిలిన జిగురు సన్నని జెట్ రంధ్రాలను పూడ్చేస్తుంది. రబ్బరు సీళ్లు గట్టిపడి పెట్రోలు కారుతుంది.

పునరుద్ధరణలో ఒక్కో కార్బ్యురేటర్‌ను విప్పి, భాగాలు కలిసిపోకుండా వేరువేరుగా ఉంచుతారు. జెట్లను ద్రావకంలో నానబెట్టి, గాలి కొట్టి శుభ్రం చేస్తారు. గట్టి తీగతో పొడిస్తే రంధ్రం పెద్దదై గాలి, పెట్రోలు పాళ్లు మారిపోతాయి. ఓ-రింగులు, గాస్కెట్లు, అరిగిన ఫ్లోట్ సూదులు మార్చి, ఫ్లోట్ ఎత్తు సరిచేస్తారు. చివరగా వాక్యూమ్ గేజీలతో నాలుగింటినీ సమం చేస్తారు. ఈ పని సరిగా కుదరకపోతే ఇంజన్ నిలకడగా తిరగదు.