కనపడని బీట: గ్రాంట్ సదర్లాండ్, పెళుసు క్రోమోజోమ్‌ల కథ

ఈరోజు ఒక సీసా కథ చెప్పుకుందాం. ల్యాబ్‌లో రక్తకణాలకి తిండిగా పోసే ద్రవం ఉంటుంది కదా, ఆ సీసా. అది మారగానే ఒక జబ్బు ఆనవాలు మైక్రోస్కోపులో కనపడటం మానేసింది. మనిషికి జబ్బు అలాగే ఉంది, రిపోర్టు మాత్రం అంతా బాగుందని వస్తుంది. ఇలా ఎందుకు జరుగుతోందని పట్టుకుని తేల్చినాయన గ్రాంట్ సదర్లాండ్. 1945లో పుట్టిన ఆస్ట్రేలియా జన్యు శాస్త్రవేత్త.

ముందు కొంచెం వెనక్కి వెళ్దాం. 1943లో లండన్‌లో మార్టిన్, జూలియా బెల్ అని ఇద్దరు పరిశోధకులు ఒక కుటుంబం వంశవృక్షం గీశారు. ఆ ఇంట్లో చాలామంది మగపిల్లలకి బుద్ధి ఎదగలేదు. తల్లులు మాత్రం బాగానే ఉన్నారు. ఇలా తల్లి ద్వారా కొడుకులకి వస్తోందంటే అనుమానం ఎక్స్ క్రోమోజోమ్ మీదకే పోతుంది. ఆడవాళ్ళకి రెండు ఎక్స్‌లు, ఒకటి పాడైనా రెండోది చాలావరకు కాస్తుంది. మగవాళ్ళకి ఉన్నది ఒక్కటే. అది పాడైతే ఆదుకునే రెండోది లేదు.

అనుమానం సరే, రుజువు ఏది? 1969లో అమెరికాలో హెర్బర్ట్ లబ్స్ అనే డాక్టర్‌కి అలాంటి ఒక కుటుంబంలో విచిత్రం కనపడింది. ఎక్స్ క్రోమోజోమ్ పొడుగు చెయ్యి చివర సన్నగా నొక్కుకుపోయినట్టు ఉంది. చివరి ముక్క దారానికి వేలాడుతున్నట్టు ఉంది. మంచి ఆధారం దొరికింది కదా! కానీ తర్వాత కొన్నేళ్ళు ఇది పెద్దగా ముందుకు సాగలేదు. వేరే ల్యాబుల్లో వెతికితే చాలాసార్లు ఏమీ కనపడలేదు మరి.

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఈ బాధ కొత్త కాదు. ఒకరి సిస్టమ్‌లో వచ్చే బగ్ ఇంకొకరి సిస్టమ్‌లో రాదు. "నా మెషీన్‌లో బాగానే పనిచేస్తోంది కదా" అని ఫైల్ మూసేస్తారు. బగ్ మాత్రం ఎక్కడికీ పోదు, వాడేవాళ్ళ నెత్తిన కూర్చుంటుంది.

ఇంతలో 1970లో అమెరికాలోనే ఇంకో బృందం 16వ క్రోమోజోమ్ మీద అలాంటి బలహీనమైన చోటునే చూసింది. ఫ్రెడరిక్ హెక్ట్, ఎలెన్ మాజెనిస్ అందులో ఉన్నారు. ఇలాంటి చోట్లకి ఫ్రాజైల్ సైట్ అనే పేరు అప్పుడే వచ్చింది. పెళుసు చోటు అనుకోండి. వాళ్ళు ఇంకో తెలివైన పని కూడా చేశారు. ఆ కుటుంబంలో పెళుసు చోటు ఎవరెవరికి వచ్చిందో, రక్తంలో ఉండే హాప్టోగ్లోబిన్ అనే ప్రోటీన్ రకం ఎవరెవరికి ఎలా వచ్చిందో పక్కపక్కన పెట్టి చూశారు. రెండూ కలిసి ప్రయాణిస్తున్నాయి. అంటే ఆ ప్రోటీన్ జీన్ కూడా 16వ క్రోమోజోమ్ మీదే, ఆ దగ్గర్లోనే ఉండాలి. "రావిచెట్టు పక్కన ఇల్లు" అని అడ్రస్ చెప్తాం చూడండి, అలా. అప్పట్లో ఏ జీన్ ఏ క్రోమోజోమ్ మీద ఉందో చాలావాటికి తెలీదు. పెళుసు చోటు కంటికి కనపడే గుర్తు కాబట్టి మ్యాపింగ్‌కి పనికొచ్చింది.

ఇప్పుడు సదర్లాండ్ దగ్గరికి వద్దాం. ఆయన మెల్‌బోర్న్‌లో పనిచేసేటప్పుడు ఈ పెళుసు చోట్లు చూశాడు. 1975లో అడిలైడ్ పిల్లల ఆసుపత్రికి మారాడు. అక్కడ చూస్తే అవి కనపడటం లేదు. ఊరు మారితే మనుషుల క్రోమోజోమ్‌లు మారవు కదా? మరి ఏం మారింది? ఒక్కొక్కటే సరిచూసుకుంటూ పోతే తేలింది, కణాల్ని పెంచే ద్రవం మారింది. పాత ల్యాబ్‌లో మీడియం 199 అనేది వాడేవారు. కొత్త ల్యాబ్‌లో హామ్స్ ఎఫ్10. రెండోది అన్ని పోషకాలూ పుష్కలంగా ఉన్న ద్రవం. మొదటిది కొన్ని విషయాల్లో పేదది.

1977లో సైన్స్ పత్రికలో ఆయన ఈ సంగతి రాశాడు. పెళుసు చోట్లు కనపడాలా వద్దా అన్నది పెంచే ద్రవం మీద ఆధారపడి ఉందని. తర్వాత ఇంకా తవ్వి, అసలు కీలకం ఫోలిక్ ఆసిడ్, థైమిడిన్ అని తేల్చాడు. ఎఫ్10తో పోలిస్తే మీడియం 199లో ఫోలిక్ ఆసిడ్ వందో వంతు కూడా ఉండదు. కణం రెండుగా చీలే ముందు డీఎన్ఏ మొత్తాన్ని నకలు రాసుకోవాలి. దానికి కావలసిన సరుకు తయారవ్వాలంటే ఫోలిక్ ఆసిడ్ ఉండాలి. సరుకు తక్కువైతే నకలు పని బలహీనమైన చోట తడబడుతుంది. ఆ తడబాటే స్లైడ్ మీద ఖాళీలా కనపడుతుంది. గోడకి బీట ఎప్పుడూ ఉంటుంది, వానాకాలంలో కారినప్పుడే మనకి తెలుస్తుంది. కణాలకి కడుపునిండా తిండి పెట్టిన ల్యాబుల్లో బీట దాక్కుంది. పస్తు పెట్టిన ల్యాబుల్లో బయటపడింది.

ఇక్కడ మన తెలుగువాళ్ళు ఒక్క నిమిషం ఆగాలి. ఫోలిక్ ఆసిడ్‌ని ల్యాబ్‌లో తయారు చేసింది ఎవరు? 1945లో అమెరికాలోని లెడర్లీ సంస్థ బృందం. దాన్ని నడిపించింది భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు. ఫోలిక్ ఆసిడ్ పనిని అడ్డుకునే మెథోట్రెక్సేట్ అనే మందు కూడా ఆ సంస్థలోంచే వచ్చింది. క్యాన్సర్‌కి ఇప్పటికీ వాడుతున్నారు. సదర్లాండ్ కాలంలో అదే మెథోట్రెక్సేట్‌ని కణాల ద్రవంలో కలిపితే పెళుసు చోట్లు బయటపడేవి. సుబ్బారావు గారు 1948లోనే పోయారు, తన పదార్థాలు ఈ పనికి కూడా వస్తాయని ఆయనకి తెలిసే అవకాశమే లేదు.

సరే, దీనివల్ల ఎవరికి ఏం ఒరిగింది? ఒక అమ్మాయిని ఊహించుకోండి. తమ్ముడికి మాటలు సరిగ్గా రాలేదు, చదువు అబ్బలేదు. రేపు తనకి పుట్టే బిడ్డకి కూడా ఇలాగే అవుతుందా అని డాక్టర్‌ని అడుగుతుంది. డాక్టర్ తమ్ముడి రక్తం ల్యాబ్‌కి పంపుతాడు. ఆ ల్యాబ్‌లో ఉన్నది పోషకాల ద్రవం అయితే "క్రోమోజోమ్‌లు మామూలుగానే ఉన్నాయి" అని కాగితం వస్తుంది. ఆ కాగితం నమ్మి ఆమె జీవితానికి నిర్ణయాలు తీసుకుంటుంది. తప్పు ల్యాబ్ వాళ్ళ నిర్లక్ష్యంలో లేదు, మంచి ద్రవం వాడటంలోనే ఉంది. అందుకే 1977 నాటి పేపర్ నాకు అంత పెద్దదిగా కనపడుతుంది. ఆ తర్వాత ప్రపంచంలో ఏ ల్యాబ్ అయినా ఈ పరీక్ష చెయ్యగలిగింది. ఫ్రాజైల్ ఎక్స్ సిండ్రోమ్ అనే జబ్బు ఎంతమందికి ఉందో అప్పుడు తెలిసొచ్చింది. వంశపారంపర్యంగా వచ్చే బుద్ధిమాంద్యానికి ఇదే అన్నిటికన్నా సాధారణ కారణం.

అయినా పరీక్ష పూర్తిగా నమ్మకమైనది కాదు. జబ్బున్న పిల్లాడిలో కూడా కొన్ని కణాల్లోనే గుర్తు కనపడేది. లోపాన్ని మోస్తున్న ఆడవాళ్ళలో చాలామందికి అసలు కనపడేదే కాదు. పైగా ఇంకో చిక్కుముడి. 1980ల మధ్యలో స్టెఫనీ షెర్మన్ బృందం లెక్కలు వేస్తే వింత తేలింది. లోపం ఉన్నా జబ్బు లేని తాత ఉంటాడు. ఆయన అన్నదమ్ములకి ప్రమాదం తక్కువ, కూతుళ్ళ కొడుకులకి మాత్రం చాలా ఎక్కువ. తరం దిగేకొద్దీ జబ్బు ముదురుతోంది. మామూలు వారసత్వ సూత్రాలకి ఇది లొంగలేదు.

జవాబు 1991లో వచ్చింది. అడిలైడ్‌లో సదర్లాండ్, రాబ్ రిచర్డ్స్ బృందం ఎక్స్ మీద ఆ పెళుసు చోటు దాకా మ్యాప్ చేసుకుంటూ వెళ్ళి, అక్కడి డీఎన్ఏ ముక్క తరం తరానికీ సైజు మారుతోందని చూసింది. ఫ్రాన్స్‌లో జాన్-లూయీ మాండెల్ బృందం, అమెరికా-నెదర్లాండ్స్ వాళ్ళ బృందం కూడా అదే ఏడాది అక్కడికి చేరాయి. ఆ మూడో బృందమే ఎఫ్ఎంఆర్1 అనే జీన్‌ని పట్టుకుంది. విషయం ఏంటంటే, అక్కడ సి-జి-జి అనే మూడక్షరాల మాట మళ్ళీ మళ్ళీ రాసి ఉంటుంది. మామూలు వాళ్ళలో దాదాపు 45 సార్ల లోపు. 55 నుంచి 200 దాకా ఉంటే ఈ జబ్బు రాదు, కానీ తల్లి నుంచి బిడ్డకి వెళ్ళేటప్పుడు ఆ సంఖ్య పెరిగే ప్రమాదం ఉంది. 200 దాటితే జీన్ మూతపడుతుంది, మెదడుకి కావలసిన ప్రోటీన్ తయారవదు. తాత దగ్గర చిన్నగా ఉన్నది కూతురి ద్వారా మనవడి దగ్గరికి వచ్చేసరికి హద్దు దాటేసింది. షెర్మన్ చిక్కుముడి అలా విడిపోయింది.

ఇక్కడ నాకు బాగా నచ్చింది ఒకటుంది. జీన్ దొరికాక డీఎన్ఏ నుంచే సూటిగా పరీక్ష చెయ్యొచ్చు, మోస్తున్న ఆడవాళ్ళని కూడా కచ్చితంగా గుర్తించవచ్చు. కణాలకి పస్తు పెట్టి, స్లైడ్లు లెక్కపెట్టే పాత పరీక్ష అవసరం తీరిపోయింది. పేరు తెచ్చిన పద్ధతిని మూలకి నెట్టే పనిలో సదర్లాండ్ తనే ముందున్నాడు. తర్వాత కూడా ఆగలేదు. డేవిడ్ కాలెన్ లాంటి సహచరులతో 16వ క్రోమోజోమ్ మ్యాప్ మీద ఏళ్ళ తరబడి పనిచేశాడు. 1995లో ఒక రకం మూర్ఛకి కారణమైన జీన్‌ని కనిపెట్టిన బృందంలో ఉన్నాడు. 1996లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యాడు.

ఒక్క మాటతో ముగిస్తాను. "ఏమీ కనపడలేదు" అని రిపోర్టు వస్తే మనం అక్కడితో ఊపిరి పీల్చుకుంటాం. సదర్లాండ్ మాత్రం "ఎలా చూస్తే కనపడలేదు?" అని అడిగాడు. ఆ ఒక్క ప్రశ్న ఎన్నో ఇళ్ళల్లో తల్లుల మీద పడ్డ నిందని తీసేసింది. పిల్లాడు ఇలా పుట్టడానికి పెంపకం కాదు, పాపం కాదు, మూడక్షరాలు ఎక్కువసార్లు రాసి ఉండటం కారణం అని చెప్పగలిగాం.