మంచు మీద పొత్తిళ్ల పాప

ఓడల చరిత్ర అంటే కెప్టెన్లు, ఇంజన్లు, జెండాలు. అందులో మనకేం పని అనిపిస్తుంది. కానీ చెల్యూస్కిన్ అనే ఓడ గురించి చదివినప్పటి నుంచి, ఓడ అనగానే నాకు ముందు గుర్తొచ్చేది ఒక బాలింత, ఆమె ఒడిలోని పాప.

రష్యాకి ఉత్తరాన, ఆర్కిటిక్ తీరం వెంబడి ఒక సముద్ర దారి ఉంది. ఏడాదిలో ఎక్కువ నెలలు గడ్డకట్టే ఉంటుంది. 1932లో మంచును పగలగొట్టుకుంటూ వెళ్లే సిబిర్యాకోవ్ అనే ఓడ దాన్ని ఒకే సీజన్‌లో దాటింది. మామూలు సరుకుల ఓడా దాటగలదని చూపించాలని సోవియట్ ప్రభుత్వం మరుసటి ఏడాదే చెల్యూస్కిన్‌ను పంపింది. డెన్మార్క్‌లో కట్టిన కొత్త ఓడ. కాస్త బలపరిచారు గానీ, గట్టి మంచుతో తలపడేది కాదు. కెప్టెన్ వోరోనిన్ దాన్ని చూసి పెదవి విరిచాడు. అయినా బయల్దేరింది.

అందులో రాంగెల్ ద్వీపంలో ఉండటానికి వెళ్తున్న కుటుంబాలూ ఉన్నాయి. సర్వేయర్ వాసిలీవ్ భార్య నిండు చూలాలు. 1933 ఆగస్టు 31న, కారా సముద్రంలో ఆడపిల్లను కన్నది. పాపకి కరీనా అని పేరు పెట్టారు. గోదావరి ఒడ్డున పుట్టిన పిల్లకి మనం గోదావరి అని పెట్టుకోమూ, అలాగే.

నవంబర్‌లో ఓడ బేరింగ్ జలసంధి దాకా చేరింది. ఇంకొన్ని మైళ్లు వెళ్తే మంచు లేని నీళ్లే. కానీ చుట్టూ బిగుసుకున్న మంచు దాన్ని వెనక్కి ఈడ్చుకుపోయింది. 1934 ఫిబ్రవరి 13న ఓడ పక్క చీలి మునిగింది. ఒకరు చనిపోయారు. 104 మంది మంచు మీదకు దిగారు. వాళ్లలో పదిమంది ఆడవాళ్లు, ఇద్దరు చిన్నపిల్లలు. కరీనాకి అప్పటికి ఐదున్నర నెలలు.

గుడారాలు వేసుకున్నారు. విమానం దిగడానికి మంచు చదును చేసేవారు. అది పగిలేది, మళ్లీ చేసేవారు. మార్చి 5న పైలట్ ల్యాపిదేవ్‌స్కీ ఆడవాళ్లను, పిల్లలను తీసుకెళ్లాడు. ఏప్రిల్ 13కి అందరూ బయటపడ్డారు. ఏడుగురు పైలట్లకు సోవియట్ యూనియన్ వీరులన్న బిరుదు ఇచ్చారు. ఆ బిరుదు అందుకున్న మొదటివాళ్లు వాళ్లే.

ఎవరి తోడూ లేకుండా మంచులో నడిచే సరుకుల ఓడలు రావడానికి చాలా ఏళ్లు పట్టింది. 1982 నుంచి 1987 వరకు ఫిన్లాండ్ సోవియట్ యూనియన్‌కి అలాంటివి 19 కట్టి ఇచ్చింది. మీటరు మందం మంచులో సొంతంగా వెళ్లగలవవి. 2006లో వచ్చిన నోరిల్స్కీ నికెల్ ఇంకో అడుగు ముందుకేసింది. ఆ ఓడ ముందు భాగం మామూలు నీటికి, వెనక భాగం మందపాటి మంచుకి. మంచు మరీ గట్టిగా ఉంటే వెనక్కి తిరిగి, వెనక వైపుతోనే దారి చేసుకుంటూ పోతుంది. 2017లో క్రిస్టోఫ్ డి మార్జరీ అనే గ్యాస్ ఓడ నార్వే నుంచి దక్షిణ కొరియాకి 19 రోజుల్లో చేరింది, తోడు ఓడ లేకుండానే.

పైలట్ల ధైర్యానికి దండం పెట్టాల్సిందే. కానీ నా మనసు ఆ తల్లి దగ్గరే ఆగిపోతుంది. గుడారంలో పాలిచ్చి, గుడ్డలు ఆరబెట్టి, ఇరవై రోజులు పాపను కాపాడుకున్న ఆమెకి ఆ వీరుల బిరుదు రాలేదు. ఓడ బలం తేల్చుకోవాల్సింది రేవులో. గర్భిణిని ఎక్కించుకుని సముద్రం మధ్యలో కాదు.