ప్రచురణ సంస్థ పేరుకు చట్టరక్షణ: ట్రేడ్‌మార్క్ నమోదు విధానం

ఒక గ్రంథం వెలువడినప్పుడు ముఖపత్రం మీద సాధారణంగా మూడు పేర్లు కనిపిస్తాయి: గ్రంథం పేరు, రచయిత పేరు, ప్రచురణ సంస్థ పేరు. మొదటి రెండింటిని గురించి అందరూ శ్రద్ధ వహిస్తారు. మూడవదానిని గురించి చాలామంది అచ్చు పూర్తి కావచ్చే వేళకు గాని ఆలోచించరు. ఆ పేరు అప్పటికే మరొకరి హక్కులో ఉన్నట్లయితే, అచ్చయిన ప్రతులను అమ్ముకోవడమే చిక్కుగా మారుతుంది. తెలుగు రాష్ట్రాల వెలుపల స్థిరపడి, చిన్న ప్రచురణ సంస్థను ప్రారంభించదలచిన తెలుగువారు ఈ విషయాన్ని మొదటనే తెలుసుకోవడం మేలు.

చట్టం పూర్వాపరాలు

కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం వ్యాపారాన్ని ప్రారంభించారు. 1908లో అదే నగరం నుండి ఆంధ్రపత్రికను వారపత్రికగా వెలువరించారు. 1914లో అది మద్రాసుకు తరలి దినపత్రిక అయింది. పరభాషా ప్రాంతంలో నివసిస్తూ ఒక సరకుకు, ఒక పత్రికకు చిరకాలం నిలిచే పేరు సంపాదించిన తెలుగువారికి ఆయన చక్కని ఉదాహరణ. ఆ రోజుల్లో మన దేశంలో ట్రేడ్‌మార్కులను నమోదు చేసే చట్టమే లేదు. మొదటి చట్టం 1940లోను, రెండవది 1958లోను వచ్చాయి. ప్రస్తుతం అమలులో ఉన్నది 1999 నాటి చట్టం. ఇది 2003 సెప్టెంబరు 15 నుండి అమలులోకి వచ్చింది. దరఖాస్తు విధానాన్ని, రుసుములను 2017 నియమావళి నిర్ణయిస్తుంది.

కాపీరైట్ వేరు, ట్రేడ్‌మార్క్ వేరు

కాపీరైట్ రచనకు రక్షణ. ట్రేడ్‌మార్క్ ఆ సరకు ఎవరి వద్ద నుండి వచ్చిందో తెలిపే గుర్తుకు రక్షణ. గ్రంథం పేరుకు మాత్రమే కాపీరైట్ వర్తించదని సుప్రీంకోర్టు 2015లో స్పష్టం చేసింది. ఒక్క పుస్తకం పేరును ట్రేడ్‌మార్కుగా నిలుపుకోవడం కూడా కష్టమే. సంస్థ పేరు, దాని చిహ్నం, వరుసగా వెలువడే గ్రంథమాల పేరు ఇందుకు తగినవి.

నమోదు వలన ప్రయోజనం

నమోదు కాని పేరుకు కూడా న్యాయస్థానంలో కొంత రక్షణ ఉంది. అయితే ఆ పేరుకు పాఠకులలో ప్రఖ్యాతి ఉన్నదని, ఎదుటివారి వాడుక వలన పాఠకులు పొరబడుతున్నారని, దానివలన నష్టం కలుగుతున్నదని ఫిర్యాదుదారే నిరూపించాలి. బళ్లారిలో ఏభై ప్రతులు, హోసూరులో ముప్పై, బరంపురంలో ఇరవై, షోలాపూరులో పది చొప్పున అమ్ముకునే సంస్థ ఏ ఒక్క ఊరిలోనైనా తనకు ప్రఖ్యాతి ఉన్నదని నిరూపించడం సులభం కాదు. నమోదైన పేరుపై హక్కు దేశమంతటికీ వర్తిస్తుంది. అది దరఖాస్తు చేసిన తేదీ నుండే లెక్కకు వస్తుంది. పాఠకులు చెదరి ఉన్న సంస్థకు నమోదు వలన కలిగే ముఖ్యమైన లాభం ఇదే.

అయితే నమోదు సర్వరక్ష కాదు. అంతకు ముందు నుండే ఎడతెగకుండా ఆ పేరును వాడుతున్నవారి హక్కును అది తొలగించజాలదు.

పేరు ఎంపిక

సరకును, దాని గుణాన్ని, దాని ప్రదేశాన్ని మాత్రమే తెలిపే పేర్లకు నమోదు దొరకడం కష్టం. "తెలుగు పుస్తకాలు", "మంచి ప్రచురణలు" వంటివి ఇందుకు ఉదాహరణలు. కల్పించిన పదానికి బలం ఎక్కువ. ఎం. శేషాచలం అండ్ కో అన్న పేరులోని అక్షరాల నుండి ఏర్పడిన "ఎమెస్కో" ఇటువంటిది. నిఘంటువులో లేని మాట కాబట్టి అది ఆ సంస్థను తప్ప మరి దేనినీ సూచించదు.

సరిహద్దు ప్రాంతాలవారు గమనించవలసిన విశేషం మరొకటి ఉంది. జ్ఞానదీపం, భారతి, సరస్వతి వంటి సంస్కృత పదాలు కన్నడ, మరాఠీ, ఒడియా భాషలలోనూ వాడుకలో ఉన్నాయి. లిపి వేరైనా ఉచ్చారణ ఒకటే అయితే పేర్లు పోలినవేనని భావించే అవకాశం ఉంది. కాబట్టి తెలుగులో ఆ పేరు ఎవరికీ లేదని తృప్తిపడరాదు. కేంద్ర ప్రభుత్వ మేధాసంపత్తి వెబ్‌సైటులో నమోదైన పేర్లను, దరఖాస్తులో ఉన్న పేర్లను ఉచితంగా వెదకవచ్చు. ఉచ్చారణను బట్టి వెదికే సౌకర్యమూ అక్కడ ఉంది.

తరగతులు, రుసుము

సరకులు, సేవలు మొత్తం 45 తరగతులుగా విభజింపబడ్డాయి. వాటిలో 34 సరకులకు, 11 సేవలకు సంబంధించినవి. అచ్చు పుస్తకాలు 16వ తరగతి, ప్రచురణ సేవ 41వ తరగతి, దింపుకొని చదివే ఈ-పుస్తకాలు 9వ తరగతి, ఇతరుల పుస్తకాలను అమ్మే దుకాణం 35వ తరగతి కిందకు వస్తాయి. తన పుస్తకాలను తానే అచ్చువేయించి అమ్మేవారికి 16వ తరగతి ప్రధానం.

దరఖాస్తు పత్రం పేరు టి.ఎం.-ఎ. ఆన్‌లైన్‌లో దాఖలు చేస్తే ఒక్కొక్క తరగతికి వ్యక్తులు, అంకుర సంస్థలు, చిన్న పరిశ్రమలు 4,500 రూపాయలు, ఇతరులు 9,000 రూపాయలు చెల్లించాలి. కార్యాలయంలో కాగితంపై దాఖలు చేస్తే ఇవి వరుసగా 5,000, 10,000 రూపాయలు. ఏజెంటును నియమించుకుంటే ఆ ప్రతిఫలం అదనం.

సాహిత్య సంఘాలు ఇక్కడ జాగ్రత్త వహించాలి. రుసుము సగానికి తగ్గుతుందని సంఘం పేరును ఒక సభ్యుని సొంత పేరున నమోదు చేయిస్తే, చట్టం దృష్టిలో ఆ చిహ్నం ఆయన ఆస్తి అవుతుంది. ఆయన తరువాత వారసులకు చెందుతుంది. మిగిలిన 4,500 రూపాయల కోసం సంఘం తన పేరునే పోగొట్టుకోరాదు.

ఏ కార్యాలయంలో దాఖలు చేయాలి

ప్రధాన వ్యాపారస్థలాన్ని బట్టి కార్యాలయం నిర్ణయమవుతుంది. కర్ణాటక, తమిళనాడు, యానాంతో కూడిన పుదుచ్చేరి, ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు చెన్నై కార్యాలయం, ఒడిశాకు కోల్‌కతా, మహారాష్ట్రకు ముంబయి. ఎక్కడ నమోదైనా హక్కు ఒక్కటే.

పేరు తెలుగు లిపిలో ఉన్నట్లయితే దాని ఉచ్చారణను హిందీ లేదా ఇంగ్లీషు లిపిలోను, అర్థాన్ని ఆ భాషలోను ఇచ్చి, అది తెలుగు పదమని తెలపాలి.

దరఖాస్తు తరువాత

పేరు అప్పటికే వాడుకలో ఉంటే, ఏ తేదీ నుండి వాడుతున్నారో ప్రమాణపత్రంతోను, ఆధారాలతోను చూపాలి. లేనట్లయితే "ఇకముందు వాడదలచినది" అని దాఖలు చేయవచ్చు. అధికారి పరిశీలన నివేదికలో అభ్యంతరాలు తెలిపితే, అది అందిన నెల లోపల సమాధానం ఇవ్వాలి. గడువు దాటితే దరఖాస్తును వదలుకున్నట్లు భావించవచ్చు. ఆమోదం పొందిన పేరు ట్రేడ్‌మార్క్ జర్నల్‌లో ప్రకటింపబడుతుంది. అప్పటి నుండి నాలుగు నెలల లోపల ఎవరైనా వ్యతిరేకత తెలపవచ్చు. వ్యతిరేకత నోటీసు అందితే రెండు నెలల లోపల జవాబు దాఖలు చేయాలి. ఎవరూ వ్యతిరేకించకుంటే నమోదు పూర్తవుతుంది.

నమోదు పదేళ్లు చెల్లుతుంది, పదేళ్లకొకసారి పునరుద్ధరించుకోవచ్చు. నమోదు కాకముందు "టి.ఎం." గుర్తును వాడవచ్చును గాని, వలయంలో "ఆర్" ఉన్న గుర్తును వాడరాదు. నమోదైన తరువాత ఐదేళ్ల మూడు నెలల కాలం వరకు వాడకుండా ఉంచిన పేరును తొలగించమని ఇతరులు కోరవచ్చు.

ప్రచురణకర్త ఇతర బాధ్యతలు

పుస్తకానికి ఐ.ఎస్.బి.ఎన్. సంఖ్యను రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ సంస్థ ఉచితంగా ఇస్తుంది. 1954 నాటి చట్టం ప్రకారం ప్రతి గ్రంథాన్ని ప్రచురించిన 30 రోజుల లోపల కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికి, చెన్నైలోని కన్నెమరా గ్రంథాలయంతో సహా నిర్దేశించిన ఇతర గ్రంథాలయాలకు ఒక్కొక్క ప్రతి సొంత ఖర్చుతో పంపాలి. వారిచ్చే రసీదును భద్రపరచాలి. ఆ పేరు ఏ నాటి నుండి వాడుకలో ఉన్నదో చెప్పడానికి అది ఆధారం కాగలదు. పత్రికను కూడా నడపదలిస్తే 2024 మార్చి 1 నుండి అమలులోకి వచ్చిన పత్రికల నమోదు చట్టాన్ని అనుసరించాలి.

రచయితతో ఒప్పందం తప్పనిసరిగా లిఖితపూర్వకంగా ఉండాలి. హక్కుల బదిలీ పత్రంలో కాలపరిమితి రాయకుంటే ఐదేళ్లుగా, ప్రదేశం రాయకుంటే భారతదేశంగా చట్టం భావిస్తుంది.

ఎవరికి అవసరం

తన కవితా సంపుటిని ఒక్కసారి అచ్చువేసి బంధుమిత్రులకు పంచేవారికి ట్రేడ్‌మార్క్ అవసరం లేదు, ఐ.ఎస్.బి.ఎన్. చాలు. ఏటా కొన్ని పుస్తకాలు తేవాలని, తన తరువాత కూడా సంస్థ నిలవాలని కోరేవారికి అది అవసరం. అటువంటివారు మొదట పేరు వెదకి, తరువాత దరఖాస్తు చేసి, ఆ పిమ్మట ముఖపత్రం అచ్చుకు ఇవ్వాలి. ఈ వరుస తప్పకుంటే తరువాతి చిక్కులు చాలావరకు తప్పుతాయి.