అఖాతానికి ఆ వంపు ఎక్కడిది?

శాన్‌ఫ్రాన్సిస్కోకు దక్షిణంగా దాదాపు 40 కిలోమీటర్ల దూరంలో హాఫ్ మూన్ బే ఉంది. పేరుకు అర్ధచంద్రమే గానీ, మ్యాపులో చూస్తే ఆ వంపు రెండు వైపులా సమంగా ఉండదు. ఉత్తరాన పిల్లర్ పాయింట్ అనే రాతిమొన పక్కన బాగా మెలితిరిగి, దక్షిణానికి పోయేకొద్దీ సాగి దాదాపు తిన్నగా అయిపోతుంది. దాని పుట్టుక కథంతా ఈ వంకరలోనే ఉంది.

అక్కడికి పెద్ద అలలు ఎక్కువగా వాయవ్యం నుంచి వస్తాయి. రాతిమొన వాటికి అడ్డం. మొన దాటిన అల దాని వెనక్కి తిరుగుతుంది, తిరిగేకొద్దీ బలం తగ్గుతుంది. పైగా లోతు తక్కువైన చోట అల నడక మందగిస్తుంది, లోతులో ఉన్న కొస ముందుకు పోతుంది. దాంతో అల వరస ఇంకా వంగుతుంది. ఒడ్డును ఏటవాలుగా తాకినంత కాలం అల ఇసుకను పక్కకు తోస్తూనే ఉంటుంది. పోయినంత ఇసుక మళ్లీ రాకపోతే ఒడ్డు లోపలికి కోసుకుపోతుంది. వంగి వచ్చే అలల వరసలకు ఒడ్డు సమాంతరంగా సర్దుకున్నాక గానీ ఈ కోత ఆగదు. అప్పుడు ఒక్కో అల ఒడ్డు పొడవునా ఇంచుమించు ఒకేసారి విరుగుతుంది. ఇక ఇసుకను పక్కకు నెట్టే పనే ఉండదు.

మొన చాటున సన్నని ఇసుక, చదునైన ఒడ్డు. దక్షిణాన అలల దెబ్బ నేరుగా తగిలేచోట ముతక ఇసుక, నిటారు వాలు. విల్లర్డ్ బాస్కమ్ అనే పరిశోధకుడు 1951లో ఇసుక రేణువు సైజుకూ ఒడ్డు వాలుకూ ఉన్న సంబంధాన్ని వివరించింది ఈ తీరాన్ని చూపించే.

ఈ వంపు నత్తగుల్ల చుట్టలాంటి సర్పిలానికి సరిపోతోందని 1944లో విలియం క్రంబైన్ అనే పరిశోధకుడు గమనించాడు. 1965లో యాసో అనే మరో పరిశోధకుడు మరికొన్ని తీరాలను కొలిచి అదే మాట చెప్పాడు. చూడముచ్చటైన లెక్కే గానీ, ఆ సర్పిలం కేంద్రం అల వంగే మొన దగ్గరే ఉండాలన్న నియమమేమీ లేదు. 1989లో షూ, ఎవాన్స్ అనే ఇద్దరు పరిశోధకులు ఇచ్చిన సూత్రం ఆ మొన కొస నుంచే కొలత మొదలుపెడుతుంది. నా మటుకు ఇదే భౌతికశాస్త్రానికి దగ్గర.

పిల్లర్ పాయింట్ దగ్గర 1959-61 మధ్య పడవల రేవు కోసం బ్రేక్‌వాటర్ (అలలను ఆపే అడ్డుగోడ) కట్టారు. అలలకు అడ్డం మారింది, ఇసుక దారి మారింది. రేవుకు ఆనుకుని దక్షిణాన ఉన్న ఎల్ గ్రనాడా ఒడ్డు కోతకు గురైంది. హైవేను కాపాడటానికి బండరాళ్లు పేర్చాల్సి వచ్చింది. విశాఖ రేవు దగ్గర చిక్కుకున్న ఇసుకను తవ్వి నగరం ముందున్న బీచ్‌కు పోస్తున్నది కూడా ఇలాంటి తెగిన దారిని అతికించడానికే.

అలలకు అడ్డం పెడితే ఒడ్డు రూపు మారుతుందన్న సంగతినే ఆస్ట్రేలియా ఇంజనీరు రిచర్డ్ సిల్వెస్టర్ తిరగేసి ఆలోచించాడు. ఒడ్డంతా గోడ కట్టే బదులు దూరం దూరంగా కొన్ని రాతిమొనలు వేస్తే, వాటి మధ్య వంపుల్ని సముద్రమే చెక్కుకుంటుందన్నాడు. సింగపూర్ ఈస్ట్ కోస్ట్‌లో సముద్రాన్ని పూడ్చి నేల చేసినప్పుడు ఆ పద్ధతే వాడారు. ఇవాళ అక్కడి పార్కు వెంట వరసగా కనిపించే చిన్న చిన్న అఖాతాలు అలా తయారైనవే.