తూకానికి చిక్కని గుప్పెడు: చిరుతిండి హిసాబ్ వెనక తవారీఖ్

దస్తర్‌ఖాన్ ముందు కూర్చుని తిన్నదానికి అందరి దగ్గరా హిసాబ్ ఉంటుంది. ఎన్ని రోటీలు తిన్నామో, సాలన్ ఎంత వేసుకున్నామో అడిగితే చెప్పేస్తాం. అస్ర్‌కీ మగ్రిబ్‌కీ మధ్య డబ్బాలోంచి తీసిన రెండు ఉస్మానియా బిస్కెట్లు, వంటింట్లోంచి వస్తూ నోట్లో వేసుకున్న గుప్పెడు మిక్చర్, పిల్లలు వదిలేసిన సమోసా ముక్క మాత్రం ఏ లెక్కలోకీ రావు. షుగర్ ఉన్న అబ్బాని డాక్టర్ "ఏం తింటున్నారు?" అని అడిగితే మూడు పూటల ఖానా గురించే చెప్తారు. ఆయన ఝూట్ చెప్పడం లేదు. మిగతాది ఆయనకే యాద్ ఉండదు.

ఇలా లెక్కలోకి రాని తిండిని కొలవడం ఎలా? ఇది ఇవాళ్టి డాక్టర్ల సవాల్ మాత్రమే కాదు. తొమ్మిది వందల ఏళ్ల కింద మన ఉలమాలు కూడా దీని మీద చాలా బారీకీగా ఆలోచించారు.

కడుపులో మూడో వంతు ఖానాకి, మూడో వంతు నీళ్లకి, మూడో వంతు శ్వాసకి అన్న రసూలుల్లాహ్ (సల్లల్లాహు అలైహి వసల్లం) హదీస్ మన ఇళ్లలో పిల్లలకి కూడా తెలుసు. ఇది తిర్మిజీలో ఉంది. తినే మనిషి తన మీద తానే నిగాహ్ పెట్టుకోవాలన్నది అందులోని సబక్. ఆ నిగాహ్ పెట్టడం ఎలాగో తఫ్సీల్‌గా రాసినవారు ఇమాం గజాలీ (రహ్మతుల్లాహి అలైహ్). ఆయన 1058లో ఖురాసాన్‌లోని తూస్‌లో పుట్టి, 1111లో అక్కడే వఫాత్ అయ్యారు. ఆయన 'ఇహ్యా ఉలూమిద్దీన్'లో 40 కితాబులున్నాయి. మనిషిని హలాక్ చేసే గుణాల భాగంలో ఒక కితాబు మొత్తం రెండు ఖ్వాయిషుల గురించే. వాటిలో మొదటిది కడుపు.

తిండి తగ్గించాలనుకునే మురీద్‌కి ఆయన ఒక తర్కీబ్ చెప్తారు. రోజుకి రెండు రొట్టెలు తినే మనిషి ఒక రొట్టెకి రావాలంటే, ఒక్కసారిగా సగం మానేయకూడదు. రొట్టెని 28 భాగాలో 30 భాగాలో అనుకుని, రోజుకి ఒక భాగం చొప్పున తగ్గించుకుంటూ పోవాలి. నెల తిరిగేసరికి ఒక రొట్టె తగ్గుతుంది, ఒంటికి నుక్సాన్ ఉండదు, తేడా పైకి కనపడదు. తూకం వేసి తగ్గించినా సరే, కళ్లతో అందాజ్‌గా చూసి తగ్గించినా సరే అంటారాయన. ముద్, అర ముద్ అని కొలతలు కూడా ఇస్తారు. ఫిత్రా లెక్కలో మనం వినే 'సా'లో నాలుగో వంతే ముద్. ఇంత లెక్క చెప్పాక కూడా, అందరికీ ఒకే కొలత కుదరదని ఆయనే అంటారు. వయసును బట్టి, ఒంటిని బట్టి, చేసే పనిని బట్టి అది మారుతుంది.

అసలు బారీకీ దీని తర్వాత ఉంది. తూకం తెలిసినంత మాత్రాన ఆ తిండి భూక్ కోసం తిన్నదో, ఖ్వాయిష్ కోసం తిన్నదో తెలియదు. దీనికి గజాలీ ఒక నిషానీ చెప్తారు. నిజంగా భూక్ ఉన్న మనిషికి రొట్టె ఒక్కటే దొరికినా చాలు. ఏ రొట్టె అని అడగడు, సాలన్ ఏదని అడగడు. మనసు ఫలానా రొట్టె కావాలి, నంజుకోవడానికి ఫలానాది కావాలి అని కోరిందంటే అది సచ్చీ భూక్ కాదు. ఈ పరీక్షకి త్రాసు అక్కర్లేదు. చెయ్యి డబ్బా వైపు పోతున్నప్పుడు ఒక్క సవాల్ వేసుకుంటే చాలు.

ఆ కితాబులోనే రియా గురించి కూడా ఒక భాగం ఉంది. నలుగురి ముందు తక్కువ తిని, ఖ్వాయిషులు వదిలేసినట్టు కనిపించి, ఒంటరిగా ఉన్నప్పుడు తినే మనిషి గురించి గజాలీ హెచ్చరిస్తారు. తిండికి షరమ్ తోడైతే అది చాటుకు పోతుందని, చాటుకు పోయిన తిండి కొలతకి అందదని ఆయనకి తెలుసు.

ఇటు తబీబులు ఇదే సంగతిని జిస్మ్ వైపు నుంచి చూశారు. 1037లో వఫాత్ అయిన ఇబ్నె సీనా తన 'అల్ ఖానూన్'లో, ఆకలి లేనిదే తినొద్దన్నారు, ముందు తిన్నది అరగక ముందే దాని మీద ఇంకోటి వేయొద్దన్నారు. ఈ 'ఖానూన్' లాటిన్‌లోకి వెళ్లి యూరప్ మద్రసాల్లో వందల ఏళ్లు పాఠ్యగ్రంథంగా ఉంది. ఇటలీలోని పాదువాలో వైద్యం చెప్పిన సాంటోరియో, 'ఖానూన్' మొదటి భాగం మీద 1625లో షరహ్ అచ్చువేశాడు. ఈ సాంటోరియోనే త్రాసుకి కుర్చీ వేలాడదీసి, అందులో కూర్చుని తిన్నాడు. ముందుగా అనుకున్నంత తినగానే కుర్చీ కొంచెం కిందికి దిగేది. ఇక చాలు అని అదే ఇషారా. తిన్నది, తాగింది, ఒంట్లోంచి బయటికి పోయింది ఏళ్ల తరబడి తూచి, 1614లో కితాబు తెచ్చాడు. భోజనానికి కూర్చున్న మనిషిని ఆ కుర్చీ పట్టుకోగలదు. నడుస్తూ, మాట్లాడుతూ గుప్పెడు గుప్పెడు నోట్లో వేసుకునేవాణ్ని పట్టుకోలేదు.

20వ సదీలో కొలత మనసు వైపు తిరిగింది. 1955లో అమెరికా డాక్టర్ ఆల్బర్ట్ స్టంకార్డ్ రాత్రిళ్లు తినే అలవాటుని ఒక మర్జ్‌గా గుర్తించి రాశాడు. 1968లో స్టాన్లీ షాక్టర్, లారీ గ్రాస్ ఒక తజ్‌రుబా చేశారు. గడియారాన్ని మార్చి, భోజనం వేళ దాటిందని నమ్మించారు. బరువు ఎక్కువున్న వాళ్లు ఆ గడియారాన్ని చూసి ఎక్కువ బిస్కెట్లు తిన్నారు. లావుగా ఉన్నవాళ్లందరూ ఇంతే అనే మాట తర్వాతి పరిశోధనల ముందు నిలవలేదు. కానీ కడుపు అడక్కపోయినా కంటికి కనిపించేది తినిపిస్తుందన్న సంగతి మిగిలింది. 1985లో స్టంకార్డ్, మెసిక్ 51 సవాళ్ల పట్టిక తయారు చేశారు. అది మూడింటిని కొలుస్తుంది: తిండిని ఆపుకోవడం, అదుపు జారడం, భూక్. మరుసటి ఏడాది నెదర్లాండ్స్‌లో వాన్ స్ట్రీన్ బృందం 33 సవాళ్లతో ఇంకో పట్టిక తెచ్చింది. గమ్‌లో తినడం, చూసి తినడం, ఆపుకోవడం అని అది వేరు చేసింది.

ఇన్ని పట్టికలు వచ్చినా గుప్పెడు తిండి జారిపోతూనే ఉంది. అతిగా తినే మర్జ్‌ని గుర్తించాలంటే ఒకే విడతలో చాలా తినాలి. కొంచెం కొంచెంగా రోజంతా తినేవాళ్లు ఆ లెక్కలోకి రారు. బరువు తగ్గడానికి కడుపు చిన్నది చేసే ఆపరేషన్లు పెరిగాక ఈ లోటు బయటపడింది. ఆపరేషన్ అయినవాళ్లు ఒకేసారి ఎక్కువ తినలేరు. కానీ కొందరు కొంచెం కొంచెంగా తింటూనే ఉన్నారు, తగ్గిన బరువు మళ్లీ వచ్చింది. దీన్ని ఇంగ్లీషులో గ్రేజింగ్ అన్నారు, అంటే మేత. మన 'చర్నా'కీ అదే మానీ. 2013లో లేన్, సాబో దీన్ని కొలిచే పట్టిక తెచ్చారు. మళ్లీ మళ్లీ తినడం ఒక వైపు, ఆపుకోలేకపోతున్నానన్న ఎహ్‌సాస్ ఇంకో వైపు అందులో కొలతకి వచ్చాయి. 2014లో పోర్చుగల్ పరిశోధకురాలు కాన్సెయిసావ్, ఆమె సాథీలు దీనికి తారీఫ్ రాశారు. ముందు అనుకోకుండా, భూక్‌తో నిమిత్తం లేకుండా, కొంచెం కొంచెం మళ్లీ మళ్లీ తినడం. ఇందులో వాళ్లు రెండు కిస్మ్‌లు చేశారు. ధ్యాస లేక తినేది ఒకటి, వద్దనుకుంటూనే ఆగలేక తినేది ఇంకోటి.

ఇప్పుడు వెనక్కి చూడండి. ఈ కొలతలో గ్రాములు లేవు, ముద్‌లు లేవు. అది మూడు సంగతులు అడుగుతోంది: భూక్ ఉందా, నియ్యత్ ఉందా, ఇఖ్తియార్ ఉందా? మొదటి సవాల్ గజాలీ వేసిందే. పరిశోధకులు ఆయన్ని చదివి రాశారని నేను అనడం లేదు. త్రాసుతో పని కానప్పుడు ఎవరైనా చివరికి మనిషినే అడగాలి. మన జబాన్‌లో దాని పేరు ముహాసబా.

ఫరక్ ఒకటి ఉంది, అది మన ఇళ్లకి పనికొచ్చే ఫరక్. గజాలీ రాసింది నఫ్స్‌తో జిహాద్ చేసే మురీద్ కోసం. మర్జ్‌తో బాధపడేవాళ్ల కోసం కాదు. మనం రెండింటినీ కలిపేసి "నఫ్స్ కా గులామ్" అని తానాలు వేస్తాం. రిజ్ఖ్ పారేయకూడదని పిల్లల ప్లేట్లలో మిగిలింది తినేసే అమ్మీ ఉంటుంది. ఆమెకి కొంచెం ధ్యాస చాలు, లేదా ప్లేట్లలో తక్కువ వడ్డిస్తే చాలు. అదే ఇంట్లో అందరూ పడుకున్నాక వద్దు వద్దనుకుంటూ డబ్బా తెరిచి, ఆపుకోలేక ఏడ్చే మనిషి కూడా ఉండొచ్చు. తాన ఆ మనిషిని ఇంకా చాటుకి తోస్తుంది. అతనికి కావలసింది ఇలాజ్.

రమ్‌జాన్‌లో పగలంతా నియ్యత్ మీదే గడుస్తుంది. ఇఫ్తార్ నుంచి సహర్ దాకా చెయ్యి దేని మీద ఆగుతుందో ఎవరూ అడగరు. ఆ కొన్ని గంటల్లో తిన్న ప్రతి గుప్పెడినీ, భూక్ ఉందో లేదో పక్కనే రాసి పెట్టుకుంటే, అబ్బా డాక్టర్‌కి పూరా జవాబ్ చెప్పగలుగుతారు. ఆ కాగితం ఆయన చేత్తోనే రాయాలి. దాన్ని పట్టుకుని ఇంట్లో ఎవరూ ఆయన్ని నిలదీయకూడదు.