టెక్సాస్ వేరు, ఫ్రెంచ్ కొమ్మ, మన ఎర్రనేల

ముందే చెప్పేస్తున్నా, ఇది మందు ప్రమోషన్ కాదు. "వైన్ ఫ్యాక్టరీ చూసొస్తా" అంటే మా అమ్మ రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. అందుకే ఈ క్లారిటీ.

కదిరి నుంచి గోరంట్ల, కొడికొండ చెక్‌పోస్ట్ దాటి హైవే ఎక్కితే చిక్కబళ్ళాపూర్ వైపు రోడ్డు పక్కన నల్లద్రాక్ష బుట్టలు పెట్టుకుని అమ్ముతుంటారు చూడండి. తొక్క మందం, కొంచెం పులుపు, మంచి వాసన. అది బెంగళూరు బ్లూ. 2013లో జీఐ ట్యాగ్ కూడా వచ్చింది. బయటి దేశాల్లో దాని పేరు ఇసబెల్లా, అమెరికా రక్తం కలిసిన ద్రాక్ష. మనం కిలోల లెక్కన తినే ఈ ద్రాక్షతో వైన్ చేసి అమ్మకూడదని ఫ్రాన్స్ 1930లలోనే చట్టం చేసింది.

మరి అదే నంది కొండ పక్కన ఫ్రాన్స్ ద్రాక్ష ఎలా పండుతోంది? అది చూద్దామనే ఫిబ్రవరిలో దొడ్డబళ్ళాపూర్ దగ్గర రఘునాథపురలో ఉన్న గ్రోవర్ జాంపా తోటకి పోయినా.

కన్వల్ గ్రోవర్ అనే వ్యాపారి పనిమీద తరచూ ఫ్రాన్స్ వెళ్ళేవారు. వైన్ రుచి పట్టుకుంది, ఇండియాలో ఎందుకు చేయలేం అనుకున్నారు. షాంపేన్ ప్రాంతంలో బూజీ అనే ఊరి నిపుణుడు జార్జ్ వెసెల్‌ని తోడు తెచ్చుకున్నారు. (బూజీ అంటే నవ్వొద్దు, నిజంగానే ఊరి పేరు.) ఫ్రాన్స్ నుంచి 35 రకాల తీగలు తెప్పించి, ఏది బతుకుతుందో చూసుకుంటూ పోయారు. 1988లో కంపెనీ, 1992లో మొదటి వైన్. తర్వాత బోర్డో నుంచి మిషెల్ రోలాండ్ లాంటి పెద్ద పేరు సలహాదారుగా వచ్చాడు.

ఇంత ఎత్తు మీద రాత్రిళ్ళు చల్లగా ఉంటాయి, అదే ప్లస్. కానీ ఫ్రాన్స్‌లో తీగ చలికాలమంతా ఆకు రాల్చి నిద్రపోతుంది. మన దగ్గర ఆ నిద్ర లేదు. అందుకే ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు, ఎండాకాలంలో ఒకటి, వానలు తగ్గే టైంలో ఇంకోటి. కోత మాత్రం ఒకటే. మా చిన్నాన్న తోటలో కూడా అంతే, కాబట్టి నాకు కొత్తగా అనిపించలేదు.

వైట్ వైన్‌కి పండు నలిపి, తొక్కతో నానకుండానే రసం తీసేస్తారు. రెడ్‌కి తొక్కతోనే పులియబెడతారు. రంగంతా తొక్కలోదే. సోవిన్యో బ్లాంక్ రసాన్ని స్టీల్ ట్యాంకుల్లో చల్లగా, నిదానంగా పులియనిస్తారు, వేడెక్కితే వాసన పోతుంది. రుచి చూశానా అంటే చూశా, ఒక గుక్క. పచ్చి మామిడికాయ గుర్తొచ్చింది. అంతకంటే ఎక్కువ చెప్పేంత నాలుక నాకు లేదు.

అసలు కథ వేర్లలో ఉంది. 1860లలో దక్షిణ ఫ్రాన్స్‌లో తోటలు కారణం తెలియకుండా ఎండిపోవడం మొదలైంది. 1868లో ప్లాంషోన్ అనే శాస్త్రవేత్త, ఇంకో ఇద్దరు వేర్లు తవ్వి చూస్తే కంటికి కనిపించీ కనిపించనంత పసుపు పురుగు. దాని పేరు ఫిలోక్సెరా, అమెరికా నుంచి దిగింది. 1875లో 8 కోట్ల హెక్టోలీటర్లు దాటిన ఫ్రాన్స్ వైన్ 1889కి రెండున్నర కోట్లకి కూడా చేరలేదు. మందులు కొట్టారు, పొలాలు నీళ్ళలో ముంచారు. చివరికి పనిచేసింది ఒకటే: పురుగు ఎక్కడ పుట్టిందో అక్కడి అడవి ద్రాక్ష వేరు తెచ్చి, దానిమీద తమ కొమ్మ అంటుకట్టడం. టెక్సాస్‌లో థామస్ మన్సన్ అనే ఆయన ఎంచిన తీగలు కోన్యాక్ ప్రాంతాన్ని నిలబెట్టాయి. 1888లో ఫ్రాన్స్ ఆయన్ని సత్కరించింది.

ఇక్కడే నాకు కరెంట్ షాక్ కొట్టింది. చిన్నాన్న మూడేళ్ళ క్రితం వేరుశనగ మానేసి రెండెకరాల ద్రాక్ష పెట్టినాడు. కదిరి-6 విత్తనం వేసి, వానకి ఎదురుచూసి, వరసగా మూడుసార్లు పెట్టుబడి కూడా రాక విసిగిపోయినాడు. మన జిల్లాల్లో ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే గొప్ప. ఆయన మొక్కలు "డాగ్‌రిడ్జ్" వేరు మీద కట్టినవి. ఆ పేరు నేను ఏదో నర్సరీ బ్రాండ్ అనుకున్నా. కాదు, అది కూడా టెక్సాస్ అడవి ద్రాక్షే. ఫ్రాన్స్‌లో అమెరికా వేరు పురుగుని ఆపితే, మన దగ్గర ఈ వేరు ఉప్పునీటిని, కరువుని ఓర్చుకుంటుంది.

తోట గట్టు మీద నిలబడే ఫోన్ చేసినా. కథంతా విన్నాడు.

"అమెరికాదా? మాకు డాగ్‌రిడ్జ్ అనే చెప్పినారు గానీ," అన్నాడు. కాసేపాగి, "ఒరేయ్, వాళ్ళు ఆ తోటకి నీళ్ళెట్ల ఇస్తాండారో అడిగినావా?"

డ్రిప్ అన్నా.

"డ్రిప్ నాకూ ఉంది లేరా. బోరు ఎన్ని అడుగులు?"

ఆ ప్రశ్న నేను అడగలేదు. మళ్ళీ పోవాలి.