ఫుజిలో వాన: ఒక్క పాయింట్‌తో పోయిన టైటిల్

క్రికెట్‌లో వాన పడితే ఏం జరుగుతుందో మనకి తెలుసు. కవర్లు కప్పేస్తారు, అంపైర్లు గొడుగులేసుకుని పిచ్ చూసొస్తారు, మనం డక్‌వర్త్ లూయిస్ లెక్కలేసుకుంటూ కూర్చుంటాం. ఫార్ములా వన్‌లో అలా కాదు. వాన పడినా రేస్ నడుస్తుంది. టైర్లు మారుస్తారు, అంతే.

మరి వాన మరీ ఎక్కువైతే? అప్పుడు "నేను నడపను" అని ఎవరు చెప్పాలి? చెప్పినవాడికి ఏమవుతుంది? ఈ ఎపిసోడ్‌లో నేను చెప్పబోయేది 1976 జపనీస్ గ్రాండ్ ప్రి కథ. అక్టోబర్ 24, ఫుజి స్పీడ్‌వే.

ముందు ఆ సీజన్ సంగతి చూద్దాం. ఒకవైపు ఆస్ట్రియాకి చెందిన నికి లౌడా. ఫెరారీ డ్రైవర్, 1975 ఛాంపియన్. ప్రతిదీ లెక్క ప్రకారం చేసే మనిషి. ఇంకోవైపు ఇంగ్లండ్ కుర్రాడు జేమ్స్ హంట్. మెక్‌లారెన్ డ్రైవర్. పార్టీలు, సిగరెట్లు, స్పీడు, అన్నీ ఎక్కువే. సగం సీజన్ అయ్యేసరికి లౌడా చాలా ముందున్నాడు.

ఆగస్ట్ 1న జర్మనీలో నూర్‌బుర్గ్‌రింగ్ రేస్. ఒక్క ల్యాపే దాదాపు 23 కిలోమీటర్లు. ఈ ట్రాక్ సేఫ్ కాదు, ఇక్కడ నడపొద్దు అని లౌడా ముందే వాదించాడు. మిగతా డ్రైవర్లలో ఎక్కువమంది ఒప్పుకోలేదు. ఆ రేస్‌లోనే, రెండో ల్యాప్‌లో, అతని కారు గట్టుని గుద్దుకుని మంటల్లో చిక్కుకుంది. తోటి డ్రైవర్లే మంటల్లోకి దూరి బయటికి లాగారు. మొహం, తల కాలిపోయాయి. విషపు పొగ ఊపిరితిత్తుల్లోకి వెళ్ళింది. హాస్పిటల్‌లో చర్చి ఫాదర్ వచ్చి చివరి ప్రార్థన కూడా చేసేశారు.

ఆరు వారాలు. కరెక్ట్‌గా ఆరు వారాలు ఫ్రెండ్స్! సెప్టెంబర్ 12న ఇటలీలోని మోంజాలో లౌడా మళ్ళీ కారెక్కాడు. పచ్చి గాయాల మీద కట్లు, ఆ కట్ల మీద హెల్మెట్. నాలుగో స్థానంలో ఫినిష్ చేశాడు. వీణ్ణి పిరికివాడు అనగలిగే మనిషి భూమ్మీద ఉంటాడా? ఈ ప్రశ్న గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

ఈలోగా హంట్ వరసగా గెలుస్తూ దగ్గరికి వచ్చేశాడు. ఫుజికి వచ్చేసరికి లౌడా 68, హంట్ 65. ఒక్కటే రేస్ మిగిలింది.

రేస్ రోజు పొద్దున్నుంచి కుండపోత. పైగా మంచు పొగ. ట్రాక్ మీద నీళ్ళు కాలవల్లా పారుతున్నాయి. ఇక్కడ చిన్న సైన్స్ చెప్తాను. తడి టైర్‌కి గాడులుంటాయి, నీళ్ళని పక్కకి తోసేయడానికి. నీళ్ళు మరీ ఎక్కువైతే ఆ గాడులు సరిపోవు. టైర్‌కి, రోడ్డుకి మధ్య నీటి పొర వచ్చేస్తుంది. కారు నీళ్ళ మీద తేలుతుంది. స్టీరింగ్ తిప్పినా తిరగదు, బ్రేక్ నొక్కినా ఆగదు. దానికి తోడు ముందు కారు వెనక టైర్ల నుంచి లేచే నీటి తుంపర. వెనకాల ఉన్నవాడికి తెల్లటి గోడ తప్ప ఏమీ కనపడదు. హైవే మీద జోరు వానలో లారీ వెనక బైక్ నడిపారా ఎప్పుడైనా? దాన్ని చాలా రెట్లు పెంచి ఊహించుకోండి.

చాలామంది డ్రైవర్లకి రేస్ ఇష్టం లేదు. గంటకు పైగా వాదనలు నడిచాయి. కానీ టీవీ ప్రసారం రెడీ, స్టాండ్స్‌లో జనం రెడీ, ఇంకాసేపాగితే చీకటి పడుతుంది. చివరికి స్టార్ట్ చేసేశారు. హంట్ దూసుకెళ్ళి లీడ్ తీసుకున్నాడు. ముందు ఎవరూ లేరు కాబట్టి అతనికి దారి కాస్తయినా కనపడుతోంది.

రెండు ల్యాప్‌లు అయ్యాయి. లౌడా కారు పిట్స్‌లోకి వచ్చి ఆగింది. దిగిపోయాడు.

కారు బాగానే ఉంది. కాలిన గాయాల వల్ల అతని కనురెప్పలు సరిగ్గా మూసుకోవట్లేదు, ఆ వానలో చూపు ఆనట్లేదు. ఇలాంటి పరిస్థితిలో నడపడం పిచ్చితనం అనుకున్నాడు. ఫెరారీ ఇంజనీర్ మౌరో ఫోర్గియెరి దగ్గరికొచ్చి, ఇంజన్ ప్రాబ్లం అని చెప్పేద్దామా అని అడిగాడు. మంచి మనసుతోనే అడిగాడు. ఒక్క చిన్న అబద్ధంతో లౌడా పరువు నిలబడుతుంది. లౌడా వద్దన్నాడు. నా నిర్ణయమే అని చెప్పండి అన్నాడు.

నాకు ఈ మొత్తం కథలో పెద్ద క్షణం ఇదే. మోంజాలో కారెక్కడానికి ఎంత గుండె కావాలో, ఫుజిలో దిగి, ఎందుకు దిగాడో దాచకుండా చెప్పడానికి అంతకన్నా ఎక్కువ కావాలి. ఎమర్సన్ ఫిట్టిపాల్డి, కార్లోస్ పాచె కూడా ఆ రోజు తమంతట తామే ఆపేశారు. కానీ టైటిల్ పణంగా పెట్టింది లౌడా ఒక్కడే.

తర్వాత జరిగింది ఇంకా దారుణం. వాన తగ్గింది! ట్రాక్ ఆరడం మొదలైంది. తడి టైర్ల రబ్బరు మెత్తగా ఉంటుంది, పొడి రోడ్డు మీద వేడెక్కి అరిగిపోతుంది. మొత్తం 73 ల్యాప్‌లు. ఇంకో ఐదే ఉన్నాయనగా హంట్ టైర్ గాలి పోయింది. పిట్‌కి వెళ్ళి బయటికొచ్చేసరికి ఐదో స్థానం. ఐదో స్థానానికి 2 పాయింట్లే. అంటే మొత్తం 67. అలాగే ముగిస్తే ఛాంపియన్ లౌడానే.

హంట్ పిచ్చికోపంతో తొక్కాడు. అలన్ జోన్స్‌ని దాటాడు. లౌడా టీమ్‌మేట్ రెగాజోనీని దాటాడు. మూడో స్థానం, 4 పాయింట్లు. మొత్తం 69. తను గెలిచినట్టు హంట్‌కే తెలీదు. టైటిల్ పోయిందనుకుని కారు దిగి బాస్ టెడ్డీ మేయర్ మీద అరుస్తున్నాడు. మూడో స్థానం వచ్చిందని చెప్పినా నమ్మలేదు. రేస్ గెలిచింది మారియో ఆండ్రెట్టి, కానీ ఆ సంగతి ఎవరికి గుర్తుంటుంది చెప్పండి!

69, 68. ఒక్క పాయింట్.

ఇటలీ పత్రికలు లౌడాని ఏకిపారేశాయి. ఇందాక నేనడిగిన ప్రశ్నకి జవాబు ఇదే. ఆరు వారాల్లో చావు నుంచి లేచొచ్చిన మనిషిని కూడా పిరికివాడు అనేశారు. ఇవాళ ట్రోలింగ్ అంటాం, పేరే కొత్తది.

లౌడా ఏం చేశాడు? 1977లో అదే ఫెరారీలో మళ్ళీ ఛాంపియన్ అయ్యాడు, టైటిల్ ఖాయం అవ్వగానే టీమ్ వదిలేశాడు.

ఇంకో విషయం. 1984లో మొనాకో రేస్ వాన వల్ల మధ్యలోనే ఆపేశారు కాబట్టి సగం పాయింట్లే ఇచ్చారు. అప్పుడు ముందున్నది లౌడా టీమ్‌మేట్ అలన్ ప్రోస్ట్. సీజన్ చివర లెక్క చూస్తే లౌడా 72, ప్రోస్ట్ 71.5. అర పాయింట్‌తో లౌడాకి మూడో టైటిల్! 1976లో వాన తీసుకున్నది, 1984లో వానే తిరిగిచ్చింది.

మన లైఫ్‌లోనూ "నా వల్ల కాదు, ఆపేస్తున్నా" అనాల్సిన రోజులొస్తాయి. అప్పుడు ఎవరో ఒకరు మంచిగానే వచ్చి ఒక సాకు చేతికిస్తారు. తీసుకోవాలా వద్దా అన్నది మన ఇష్టం. లౌడా తీసుకోలేదు. 2019లో 70 ఏళ్ళ వయసులో పోయేదాకా, ఫుజి నిర్ణయం తప్పని అతను అనుకోలేదు.

మీరైతే ఆ రోజు కారు దిగేవారా, నడిపేవారా? ఆలోచించండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. వానలో బండి మెల్లగా నడపండి. బై.